వామ దక్షిణ పక్షములు - కారుణ్యము

రాజకీయములను గూర్చి మాటలాడునప్పుడు మనము వామపక్షము, దక్షిణపక్షము అను రెండు మాటలను నిత్యము వాడుచున్నాము. ఈ వాడుక పుట్టినది ఫ్రాన్సు దేశమున. 1789వ సంవత్సరమున అచ్చటి జాతీయసభలో రాజునకు నిషేధాధికార ముండవలెనా యను చర్చ వచ్చినప్పుడు, ఉండవలె నన్నవారు అధ్యక్షుని కుడివైపునను, కూడ దన్నవారు ఎడమవైపునను కూర్చుండిరి. కూర్చున్న చోటునుబట్టి కలిగిన పేళ్లు క్రమముగా సిద్ధాంతములకు పేళ్లయినవి. ఉన్నదానిని కాపాడవలె ననువారు దక్షిణపక్షమువా రైరి. ఉన్నదానిని మార్చి లేనివారికి పంచవలె ననువారు వామపక్షమువా రైరి.

అయితే మన భాషలో నీ మాటలకు మఱియొక సంపద గలదు. దాక్షిణ్యమను మాట దక్షిణ శబ్దమునుండియే పుట్టినది. వామ శబ్దమునకు ప్రతికూల మను నర్థముతోపాటు మనోహర మను నర్థమును గలదు. దాక్షిణ్యము లేని దక్షిణపక్షము ఆస్తికి కావలి మాత్రమే యగును. మనోహరమైన జీవితమును జూపలేని వామపక్షము వట్టి ప్రతికూలతగా మిగులును. ఈ రెండు పక్షములకును లోపించునట్టి దేదో యొకటి కలదనియు, దానిని మన పెద్దలు కారుణ్య మనిరనియు చెప్పుట సులభమే. కాని కారుణ్యము రాజకీయములలో నేమి చేయగలదు, ఏమి చేయలేదు అను ప్రశ్నకు ఉపన్యాసములు సమాధానము కానేరవు. చరిత్రనే అడుగవలెను. ఆ ప్రశ్నను గట్టిగా పరీక్షించిన చరిత్ర మన తెలుగుదేశముననే, నల్లగొండ సీమలో, 1951వ సంవత్సరమున జరిగినది.

అప్పటి తెలంగాణము స్థితిని మొదట జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. నిజాము పాలనలో విస్తారమైన భూమి జాగీర్దారుల చేతులలోను, దేశముఖుల చేతులలోను నుండెను. దున్నువానికి భూమిపై హక్కు లేదు. చాకలి, మంగలి, కుమ్మరి మొదలుగా ప్రతి వృత్తివాడును దొర గడికి కూలి లేకుండ వెట్టి చేయవలసి యుండెను. ఈ దుస్థితిని మాన్పుటకై విద్యావంతులు ఆంధ్రమహాసభను స్థాపించిరి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను దాని మొదటి సభ జరిగెను. గ్రంథాలయములు, స్త్రీవిద్య, బాల్యవివాహ నిరోధము మొదలగు సంస్కరణములతో నారంభమైన యా సభ క్రమముగా రైతు కష్టములకడకు వచ్చెను. అచ్చటనే దారి చీలెను. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన సభనాటికి సంస్థ వామపక్షమువారి వశమయ్యెను. మితవాదులు వేఱుగా తమ సభలు జరుపుకొనసాగిరి. ఒకే గ్రంథాలయమున కూర్చుండి చదివినవారు ఇరు పక్షములైరి. ఇరువురును రైతు మేలు కోరినవారే. ఎంత వేగముగా, ఏ మార్గమున, ఎవరికి నష్టము కలిగించి అను విషయములందే భేదము.

ఆ పిమ్మట సంగతులు వాదములతో నిలువలేదు. 1946 జులై 4వ తేదీన కడవెండి గ్రామములో విసునూరు దేశముఖు మనుష్యులు జరిపిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగుచేసిన పంటను దేశముఖునకు దక్కనీయక నిలిచెను. ఒక చాకలి స్త్రీ గడికి ఎదురు నిలుచుట ఆ సీమలో ఎవరును కనివిని యెఱుగని విషయము. పోరాటము సాయుధమాయెను. నిజాము పక్షమున రజాకారుల దౌర్జన్యములు పెచ్చు పెరిగెను. 1948 సెప్టెంబరులో భారత సైన్యము ప్రవేశించి నిజాము పాలనను ముగించెను. జాగీర్లు 1949లో రద్దయినవి. 1950లో కౌలుదారులకు రక్షణ నిచ్చు చట్టము వచ్చెను. అయినను పల్లెలలో శాంతి కలుగలేదు. పారిపోయిన దొరలలో పలువురు సైన్యము వెనుక తిరిగి వచ్చిరి. పంచబడిన భూములనుండి పేదలను వెడలగొట్టిరి. వామపక్షమువారు ఆయుధములు దించలేదు. ఉద్యమ నాయకుల లెక్క ప్రకారము సుమారు 3,000 గ్రామములలో 10 లక్షల ఎకరముల భూమి పంచబడినది. 4,000 మంది కార్యకర్తలును రైతులును ప్రాణములు గోల్పోయిరి. పగలు సైనికుల భయము, రాత్రి దళముల భయము. ఈ రెంటి నడుమ గ్రామము నలిగెను.

అట్టి సమయమున వినోబా భావే యా సీమకు వచ్చెను. ఆయన మహారాష్ట్రుడు. 1895లో జన్మించి, యౌవనముననే గాంధీజీ ఆశ్రమమున చేరి, 1940లో వ్యక్తి సత్యాగ్రహమునకు మొదటి సత్యాగ్రహిగా ఎన్నుకొనబడినవాడు. 1951 ఏప్రిల్‌లో హైదరాబాదునకు సమీపమున శివరామపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. దానికి ఆయన వార్ధా ప్రాంతమునుండి సుమారు 300 మైళ్లు నడచియే వచ్చెను. సమ్మేళనము ముగిసిన పిదప తెలంగాణపు పల్లెలలో కాలినడకను తిరుగ నిశ్చయించెను. బయలుదేరుటకు ముందు హైదరాబాదు చెఱసాలకు బోయి, అందు బంధింపబడియున్న కమ్యూనిస్టులను కలిసికొని మాటలాడెను. చదువరు లీ సంగతిని తేలికగా దాటిపోగూడదు. శాంతి యాత్రకు వెడలువాడు సాధారణముగా మంత్రులను కలిసికొనును, పోలీసు రక్షణ నడుగును. ఈయన మొదట చెఱలోనున్నవారి మాట వినెను. కరుణ యనగా వినుటతో నారంభమగునని మాటలతో గాక నడవడితో జూపెను.

ఏప్రిల్ 18వ తేదీన ఆయన పోచంపల్లి చేరెను. అది భువనగిరి ప్రాంతమునందలి నేతగాండ్ర గ్రామము. ఆ నాటి వాడుకలో హరిజను లనబడిన దళితుల కుటుంబములు సుమారు 40 అచ్చట నుండెను. వారికి సొంత భూమి లేదు. మీకేమి కావలెనని వినోబా యడుగగా, 80 ఎకరములున్నచో బ్రతుకుదుమని వారు చెప్పిరి. 40 ఎకరములు తరి, 40 ఎకరములు మెట్ట. ప్రభుత్వమునకు తెలియజేయుట యొక మార్గము. దానికెంత కాలము పట్టునో ఎవరికి తెలియును? కావున ఆయన గుమిగూడిన గ్రామస్థులవైపు తిరిగి, వీరికి సహాయము చేయగలవారు మీలో నెవరైన గలరా యని యడిగెను. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, తన తండ్రి కోరికను స్మరించి, 100 ఎకరముల నిచ్చెదనని పలికెను. అడిగినది 80, ఇచ్చినది 100. ఆ ఊరు నేడును భూదాన్ పోచంపల్లి యనియే పిలువబడుచున్నది.

ఈ యొక్క సంఘటనను అద్భుతముగా వర్ణించువా రున్నారు. అది యొక నాటకమని తీసివేయువారును ఉన్నారు. చరిత్రకారుడు రెండును చేయడు. ఆ సాయంకాలమున ఒక భూస్వామి నోటనుండి ఆ మాట వచ్చుటకు ఎన్ని కారణములు కలిసినవో విచారింపవలెను. ఐదేండ్ల పోరాటము భూమి ప్రశ్నను ప్రతి ఇంటి గడప వఱకు దెచ్చి యుండెను. పాత వ్యవస్థ నిలువదని భూస్వాములకు అర్థమై యుండెను. చట్టములు వచ్చుచుండెను. ఇవన్నియు నుండగా భూస్వాములలో పెక్కుమంది అంతకు ముందు తమంత తాము లేచి ఈ విధముగా ఏల ఇయ్యలేదు? భయము భూమిని విడిపించగలదు, కాని దానముగా మార్చలేదు. భయపడినవాడు భూమిని దాచును, బంధువుల పేర వ్రాయును, పట్టణమునకు పారిపోవును. గౌరవముతో నడిగినవాడొకడు ఎదుట నిలిచినప్పుడే, ఇచ్చువాడు తల వంచక ఇయ్యగలిగెను. దున్నిన నేలను వామపక్షము సిద్ధము చేసినది. అందు విత్తిన విత్తు కారుణ్యము. ఈ రెంటిలో నేదిలేకున్నను ఆ పంట పండి యుండదు.

వినోబా యిరు పక్షములకును ఇంపుగా మాటలాడి తప్పించుకొన్నవాడు కాడు. సమతుల్యమనగా ఇరువురి మాటలను చెరిసగము కలుపుట యని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. వామపక్షముతో ఆయన చెప్పినది, మీరు పేదలను ప్రేమించుట నిజమే. కాని చంపి సాధించిన సమత చంపువాని చేతిలోనే మిగులును అను భావము. భూస్వాములతో చెప్పినది అంతకన్న కఠినము. గాలి, నీరు, వెలుతురు ఎవని సొత్తును కానట్లు భూమియు ఎవని సొత్తును కాదనియు, కావున తాను భిక్ష మడుగుట లేదు, పేదల హక్కు నడుగుచున్నాననియు ఆయన బోధించెను. దానమనగా సమముగా పంచుకొనుట యను శంకరాచార్యుల వ్యాఖ్యానమును ఆయన తఱచు ఆధారముగా గొనెను. ఆస్తి విషయమున ఆయన వామపక్షమున కెంతో దగ్గర. బలప్రయోగము విషయమున ఎంతో దూరము. సంప్రదాయముతో మాటలాడుట యందు దక్షిణపక్షమునకు దగ్గర. దాని ఆస్తి గర్వమునకు బహుదూరము. ఒక్కొక్క పక్షము నుండి అది మిక్కిలి గట్టిగా పట్టుకొన్నదానినే ఆయన విడువు మనెను. ఒకరిని భూమి విడువు మనెను, మఱియొకరిని ద్వేషము విడువు మనెను.

తెలంగాణములో 51 దినములు నడచునప్పటికి 12,000 ఎకరములకు పైగా భూమి దానముగా వచ్చెను. ఆ పిమ్మట ఆయన ఉత్తర హిందూస్థానమునకు నడచెను. ఐదుగురు కుమారులున్న తండ్రి తన్ను ఆఱవ కుమారునిగా నెంచి ఆఱవ భాగము నీయవలెనని ఊరూర నడిగెను. దేశమంతటను కలిపి 5 కోట్ల ఎకరములు సేకరింప సంకల్పించిరి. 1954లో బుద్ధగయలో జయప్రకాశ నారాయణుగారు ఈ యుద్యమమునకు తన జీవితమునే దానము చేసెను. ఆయన మార్క్సు సిద్ధాంతమును చదివి, 1934లో కాంగ్రెసు సోషలిస్టు పక్షమును నెలకొల్పినవారిలో ముఖ్యుడు. వామపక్షమునుండి యిటు వచ్చినవారిలో ఆయన ప్రథమగణ్యుడు. 1957 సెప్టెంబరులో మైసూరు సమీపమున యేల్వాలులో జరిగిన సభలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు, ప్రధాని నెహ్రూగారు, కేరళ కమ్యూనిస్టు ముఖ్యమంత్రి నంబూద్రిపాదుగారు ఒక్కచోట కూర్చుండి గ్రామదానమును బలపఱచిరి. చట్టసభలో ఎదురెదురుగా కూర్చుండువారు ఒక చాపపై కూర్చుండిన అరుదైన ఘట్టములలో నది యొకటి.

ఇంతవఱకు చెప్పినది వెలుగు. నీడను గూర్చియు చెప్పకున్న అసత్యమగును. 5 కోట్ల ఎకరములకు బదులు వాగ్దానములుగా వచ్చినవి సుమారు 42 లక్షల ఎకరములు. అందులో సగమునకు పైగా, అనగా 22 లక్షల ఎకరములు బీహారమునందే. వచ్చిన భూమిలో గొప్ప భాగము రాతినేల, అడవి, వాగు గట్టు, వివాదములలో నున్న భూమి. కొందఱు దాతలు పేరు సంపాదించి భూమిని విడువలేదు. భూమి అందుకొన్న పేదలలో పలువురకు ఎద్దులు లేవు, బావి లేదు, చేతిలో కాగితము లేదు. ఇచ్చువాని హృదయము కరగినను, రిజిస్టరులో పేరు మారనిదే భూమి మారదు. ఆంధ్రప్రదేశమున భూదాన గ్రామదాన చట్టము 1965లో గాని రాలేదు. భూమి విలువ పెరిగిన పిదప నగర పరిసరములలోని భూదాన భూములు చేతులు మారి న్యాయస్థానముల కెక్కినవి. దానము క్షణములో జరుగును. దానిని కాపాడుటకు తరములు కావలెను.

తెలంగాణ ప్రజలు కారుణ్యమును జూచి వామపక్షమును విడిచిరనుటయు సత్యము కాదు. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పక్షము సాయుధ పోరాటమును విరమించెను. కొలది నెలలలోనే జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూగారికి వచ్చినవానికంటె ఎక్కువ ఓట్లిచ్చి లోకసభకు పంపిరి. తుపాకిని వారు కోరలేదు; తమ పక్షమున నిలిచినవారిని మఱువనులేదు. వినోబాకు నమస్కరించిన చేతులే వామపక్షమునకు ఓటు వేసినవి. పండితులు వైరుధ్యమని చెప్పుదానిని గ్రామస్థులు వైరుధ్యముగా నెంచలేదు. పోచంపల్లి నేతగాడు పడుగు నొకవైపు లాగి పేకను మఱియొకవైపు నడుపును. రెండును ఒకే దిక్కున పోయినచో బట్ట యగునా?

మఱియొక సంగతి. కారుణ్యము అధికారము నెదుట మౌనము వహించినచో దాని విలువ తగ్గును. 1975 జూనులో అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి, జయప్రకాశులు మొదలుగా వేలకొలది జనులు చెఱసాలలపాలైరి. ఆ కాలమున వినోబా వాడిన అనుశాసన పర్వమను మాటను ప్రభుత్వము తనకు సమర్థనముగా ప్రచారము చేసికొనెను. ఆయన యుద్దేశించిన అర్థము వేఱని అనుయాయులు చెప్పిరి. అయినను చెఱలోనున్నవారికి ఆ వివరణ మెంత ఊరట నిచ్చియుండును? 1951లో చెఱసాల తలుపు తట్టి లోపలివారి మాట వినినవాడు, 1975లో అదే స్పష్టతతో మాటలాడలేదని చరిత్ర వ్రాసికొన్నది. మహాపురుషులను గౌరవించుట యనగా వారి కొఱతలను దాచుట కాదు.

జయప్రకాశుల అనుభవము ఇందుకు మంచి తోడు. 1970లో బీహారములోని ముజఫర్‌పూరు జిల్లాలో సర్వోదయ కార్యకర్తలను చంపుదుమని నక్సలైట్ల బెదరింపులు వచ్చినవి. ఆయన ముసహరి యను ప్రాంతమునకు బోయి అచ్చటనే నివసించెను. పల్లెలు తిరిగి చూడగా, కాగితముపై దానమైన భూములు పేదల చేతికి చేరలేదని తేలెను. హింసకు మూలము తుపాకి పట్టినవారికంటె, భూపరిమితి చట్టములను ఏండ్ల తరబడి వంచించినవారే యని ఆయన వ్రాసెను. కారుణ్యమును నమ్మినవాడు తన యుద్యమపు లెక్కలనే తప్పుపట్టి, ఎదిరి పక్షపు కోపములోని న్యాయమును ఒప్పుకొనెను. మనస్సును పక్షపాతమునుండి విడిపించునట్టి ఆధ్యాత్మిక సాధన ఇదియే యని నాకు తోచుచున్నది. ఇంతకన్న పెద్ద తపస్సు రాజకీయములలో లేదు.

ఈ చరిత్ర గృహస్థుల కేమి చెప్పుచున్నది? వామ దక్షిణ పక్షములు చట్టసభలలో మాత్రమే లేవు. మన ఇండ్లలోను గలవు. తండ్రి కష్టించి కూడబెట్టిన దానిని కాపాడవలె ననును. కుమారుడు కూలివానికి న్యాయము జరుగవలె ననును. ఒకరి నొకరు స్వార్థపరుడనియు, అవివేకి యనియు నిందించుకొందురు. కూలివాడు మాత్రము వాకిట నిలిచియే యుండును. వాని మాట వినుటకు ఇరువురును కలిసి వాకిటికి బోయిన దినమున వాదము సగము తీరును.

ఇంకొక సంగతిని స్త్రీలు తప్పక గమనింపవలెను. ఆఱవ కుమారుని భాగ మడిగిన ఆ మధురమైన మాటలో కుమార్తె లెక్కకు రాలేదు. ఆ మాట పలికిన కాలమున తండ్రి ఆస్తిలో కుమారులతో సమానమైన భాగము కుమార్తెలకు లేదు. 1956లో హిందూ వారసత్వ చట్టము కొంత హక్కు నిచ్చెను. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు జన్మతః భాగము ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు నుండి, దేశమంతటను 2005 నుండి కలిగెను. అపరిచితుడైన సన్యాసిని ఆఱవ కుమారునిగా నెంచగల హృదయము కన్నకూతురిని భాగస్వామినిగా నెంచుటకు చట్టము వచ్చువఱకు ఆగవలసివచ్చెను. అన్యులపై జూపు కరుణ కీర్తిని దెచ్చును. ఇంటివారికి జరుపవలసిన న్యాయము కీర్తిని దేదు. కావుననే అది ఆలస్యమగును.

కావున కారుణ్యము వామపక్షమునకును దక్షిణపక్షమునకును నడుమ వేసిన మెత్తని పరుపు కాదు. అది చట్టమునకు బదులు రాదు, హక్కునకు బదులు రాదు, పోరాటమును అనవసరము చేయదు. కాని చట్టము చేయలేని పని యొకటి అది చేయగలదు. ఎదిరి పక్షమువానిని మనుష్యునిగా జూచుట, వాని మాటలోని సత్యమును తన నోట పలుకుట, తన పక్షపు అసత్యమును తానే బయటపెట్టుట. వీనిని ఏ శాసనమును చేయింపలేదు. పోచంపల్లి వాసులు ఒక సాయంకాలమున 100 ఎకరముల మేర అట్టి పనిని జూచిరి. అది చాలలేదు, అయినను అది జరిగినది. జరిగినది గనుక మఱల జరుగవచ్చును. ఈసారి పట్టా కాగితముతోను, నీటి వసతితోను, కుమార్తె భాగముతోను గూడ జరుగునట్లు చూచుట మన కర్తవ్యము.